కలివి పుల్ల

వింజమూరు ఆస్పత్రిలో ముప్పై ఏళ్లు కాంపౌండరు,
మాలకొండయ్య సారు,
రుమాలు ముడి విప్పి నా ముందు పెట్టినాడు
రేక్కాయంత సీసపు గుండు.
"గౌసియా, దీని లావు పుల్ల కావాల.
మొదలు దీని మాదిరే, కొన మాత్రం రవంత సన్నం.
కాగితం జారిపోవాల, పట్టుకోకూడదు."

చెంచాలు చేసేదాన్ని నేను.
ఉదయగిరి కొండ కింద పుట్టి
అడుగులు పడకముందే ఆకురాయి పట్టినదాన్ని.
గరిటె అడిగినా చేస్తా, దువ్వెన అడిగినా చేస్తా,
తుపాకి తూటాకు పుల్ల
మా అబ్బా కూడా చేసి ఉండడు.

వాళ్ల తాత అడవి కంట్రాక్టరు దగ్గర లెక్కలు రాసినాడంట.
ఏడాది జీతం బాకీ కింద వచ్చిందంట ఆ రివాల్వరు.
లైసెన్సు ఉండాది, నెల్లూరు పొయ్యి కట్టించుకొస్తాడు.
దాని తూటాలే ఏ అంగట్లోనూ దొరకవు,
ఎవురివి వాళ్లే చుట్టుకోవాల.

నర్ది విరిగింది.
బిక్కి పొట్టు లేచింది.
కలివి మాట విన్నది, అదీ రెండోసారికి.

నా వసారాలోనే చుట్టి చూపించినాడు.
గాలిపటం కాగితం, సూరేకారం నీళ్లు తాగి ఎండింది.
తుమ్మబంక, వేలి కొసన చుక్క.
ఒక్క దొర్లింపు, కింద మడత, పైన మెలి.
అప్పుడు గుర్తుపట్టినా ఆ వేళ్లను.
దగ్గు పొడి, విరేచనాల పొడి, పిల్లకాయల పాముల మందు,
ఎన్ని వేల పొట్లాలో ఆ వేళ్ల మీదుగానే మా ఇళ్లకు.
మా జిలానీకి మూడేళ్లప్పుడు, జరంలో,
పడవ మాదిరి మడిచి ఇచ్చినాడు.
మందు ఊసేసి
పడవ దాచుకున్నాడు వాడు.

"ఇందులో పోసేది కూడా మందేలే" అని నవ్వినాడు సారు.

"మంచి తూటా అంటే ఏంది సారూ?"
"పేలినాక ఏమీ మిగలకూడదమ్మా.
చిటికెడు నిప్పు లోపల ఉండిపోతే
తర్వాత పోసేదానికి ముప్పు."

ఆ మాట నాకు చానా రోజులు మింగుడు పడలా.
నా చెంచా పదేళ్లు నిలిస్తే నాకు పేరు.
ఈయన పనితనం
రెప్పపాటులో బూడిద కూడా లేకుండా పోతేనే పేరంట.
పొయ్యినాక ఎవురికి చూపించుకుంటాడు?

ఎలక్షన్లు వచ్చినాయి.
ఆయుధాలు స్టేషన్లో అప్పజెప్పమన్నారు.
పాత పంచెలో చుట్టి ఇచ్చి, రసీదు తెచ్చుకున్నాడు.
ఎలక్షన్లు అయిపోయినాయి. ఎస్సై మారినాడు.
పైనించి ఏదో కాగితం రావాల్నంట.
ఇంకా దారిలోనే ఉండాది అది.

చుట్టడం మాత్రం ఆపలా మనిషి.
మందుకు బదులు జొన్నపిండి,
గుండుకు బదులు బఠాణీ గింజ.
ఆరేసి ఒక పొట్లం, పొట్లం మీద పెన్సిలుతో తేదీ.
ఒక పొట్లం మీద చెయ్యి అలవాటు కొద్దీ రాసేసింది:
పూటకొకటి, అన్నం తిన్నాక.
అది చూసి ఆయన నవ్విన నవ్వుకు
పక్కింట్లో లేత్ ఆపి తొంగి చూసినారు.

వంకర పొయ్యినవి, బంక ఎక్కువైనవి నాకిస్తాడు.
నా ఆవాల చెంచాలు వాటిల్లో దూరినాయి,
కొలిచి చేసినట్టే.
మొన్న బేరానికొచ్చిన మద్రాసామె
తిప్పి తిప్పి చూసి, ఇదేందని అడిగింది.
తూటా అంటే జడుసుకుంటుందని
"మందు పొట్లమమ్మా" అన్నా.
అబద్ధం ఆడినానో లేదో నాకే తెలీదు.

నిన్న మళ్లీ వచ్చినాడు సారు, అదే రుమాలుతో.
పుల్ల అరిగిపోయిందంట.
కలివి కొయ్య, ఉత్త కాగితానికి!
నమ్మలా నేను.
కళ్లు మూసుకొని వేలితో తడిమినా.
నడుం దగ్గర
వెంట్రుక వాసి సన్నం.